ఈ-మెయిల్ లేఖయందు ఉర్దూ, తెలుగు లిపుల అమరిక

లేఖారచన మన పెద్దలకు ఒక కళ. తెలుగు లేఖకు శిరోభాగమున శ్రీకారము, పలువురి ఉర్దూ ఖత్తులకు పైభాగమున 786 సంఖ్య, ఒక మూలను ఊరిపేరు, తేదీ, పిదప సంబోధన, ఉభయకుశలోపరి, అటుపై విషయము, చివర చేవ్రాలు. ఇట్లు ప్రతి అంశమునకు ఒక నెలవు ఏర్పడియుండెను. కాగితముపై వ్రాసిన ఆ లేఖ వ్రాసినది వ్రాసినట్లే చేరెడిది. ఈ-మెయిల్ విషయము అట్లు కాదు. పంపినవారి తెరపై కనిపించిన రూపమే అందుకొన్నవారి తెరపైనను కనిపించునను నియమము లేదు. రెండు లిపులలో వ్రాయువారికి ఈ భేదము మిక్కిలి చేటు తెచ్చును.

మదనపల్లె, పుంగనూరు, కుప్పము పట్టణములలో ఇంట ఉర్దూ, వీధిలో తెలుగు పలుకు కుటుంబములు అనేకము కలవు. కుప్పములో తమిళ, కన్నడములు కూడ చెవిని బడుచుండును. ద్రావిడ విశ్వవిద్యాలయము 1997లో అచ్చట వెలయుట ఆ భాషాసంగమమునకు తగినదే. ఆంధ్రప్రదేశ్‌లో ఉర్దూకు 2022లో రెండవ అధికారభాష హోదా లభించినది. విద్యార్థివేతనమునకో, ప్రవేశమునకో, ఉద్యోగమునకో లేఖ పంపు విద్యార్థికి ఒకే పుటలో రెండు లిపులును వాడవలసిన సందర్భములు వచ్చుచుండును. తెలుగు ఎడమనుండి కుడికి సాగును. ఉర్దూ కుడినుండి ఎడమకు సాగును. ఆ ఉర్దూ పంక్తిలోనే అంకెలు మరల ఎడమనుండి కుడికి నడచును. చిక్కంతయు ఇచ్చటనే ఉన్నది.

కొంత పూర్వచరిత్ర అవసరము. 1971లో రే టామ్లిన్‌సన్ ఒక కంప్యూటర్ నుండి మరియొక కంప్యూటర్‌కు ఈ-మెయిల్ పంపినాడు. నాటి సంకేతపట్టిక ఆస్కీలో స్థానములు 128 మాత్రమే. అందు తెలుగునకు గాని ఉర్దూకు గాని చోటు లేదు. 1991లో వెలువడిన యూనికోడ్ మొదటి సంపుటిలో రెండు లిపులకును స్థానము దొరకినది. 1992లో ఏర్పడిన మైమ్ అను ప్రమాణము ఇతర భాషల అక్షరములను, జోడింపు పత్రములను లేఖతో పంపుటకు మార్గమేర్పరచినది. బెంగుళూరులో చదువుకొన్న సబీర్ భాటియా, జాక్ స్మిత్ అను మిత్రునితో కలసి 1996లో హాట్‌మెయిల్ ప్రారంభించెను. వెబ్ పుటల భాషయైన హెచ్‌టీఎంఎల్ అక్షరములు ఆ పేరులోనే పొదిగియున్నవి. 2004లో జీమెయిల్ వచ్చినది.

యూనికోడ్ వచ్చినను పాత అలవాటు పోలేదు. అను ఫాంటులలో కూర్చిన తెలుగు చూచుటకు తెలుగే గాని, లోపల దాగియున్నవి ఇంగ్లీషు సంకేతములు. దానిని ఈ-మెయిల్‌లో అతికించినచో అర్థములేని గుర్తుల వరుస తేలును. పాత ఇన్‌పేజ్‌లో కూర్చిన ఉర్దూకును ఇదే గతి. అట్టి పత్రమును పీడీఎఫ్‌గా మార్చి జోడించవలెను. లేనిచో యూనికోడ్‌లో మరల టైపు చేయవలెను.

ఇక దిశను గూర్చి. ఉర్దూ పేరాను కుడివైపునకు జరిపిన చాలునని అనేకులు తలంతురు. జరుపుట వేరు, దిశ వేరు. కుడి అంచునకు జరిపిన పేరా లోపల ఇంకను ఎడమ దిశలోనే ఉండవచ్చును. అట్టి పేరాలో ఒక ఉర్దూ వాక్యము నడుమ ‘మదనపల్లె’ అని తెలుగు లిపిలో వ్రాసినారనుకొనుడు. వాక్యపు పూర్వార్ధము ఎడమకును, ఉత్తరార్ధము కుడికిని చేరును. కుడినుండి చదువు పాఠకుడు ఉత్తరార్ధమును ముందు చదువును! వాక్యము చివర ఇంగ్లీషు చుక్క పెట్టినచో అది వాక్యారంభమున, కుడికొసన, నిలుచును. ఉర్దూ కీబోర్డులోని విరామచిహ్నమునే వాడినచో ఆ చుక్క కదలదు.

జీమెయిల్‌ను కంప్యూటర్‌లో తెరచి, సెట్టింగులలో జనరల్ విభాగమునకు పోయి, కుడినుండి ఎడమకు వ్రాయు సదుపాయమును ఆన్ చేసి, పుట అడుగున మార్పులను భద్రపరచవలెను. అప్పుడు లేఖ వ్రాయు పెట్టెలోని ఫార్మాటింగ్ పట్టీలో దిశల బొత్తాములు రెండు కనిపించును. ఉర్దూ పేరాలో కర్సరు ఉంచి కుడినుండి ఎడమకు సాగు బొత్తామును నొక్కవలెను. ఒకే పేరాలో రెండు లిపులను కలపకుండుట ఇంకను క్షేమము.

ఇంతకంటె అపాయకరమైనది అంకెల నడుమ గీత. ఉర్దూ అక్షరముల పిదప 2023-24 అని టైపు చేసినచో తెరపై 24-2023 అని కనిపించును. యంత్రము చెడిపోలేదు, రెండు దిశల లిపులకై యూనికోడ్ ఏర్పరచిన సూత్రముల ఫలితమది. విద్యాసంవత్సరమైనచో పాఠకుడు ఊహించుకొనగలడు. దరఖాస్తు సంఖ్య 112-47 అయినచో అది 47-112గా మారును. దానిని ఊహించి సరిదిద్దువారెవరు? మదనపల్లె టెలిఫోన్ కోడు 08571 పిదప గీత పెట్టి నంబరు వ్రాసినను, నంబరు ముందునకు, కోడు వెనుకకు పోవును. తేదీలకు ఏటవాలు గీతను వాడినచో వరుస చెడదు. తక్కిన సంఖ్యలను తెలుగు పేరాలోనో, ప్రత్యేక పంక్తిలోనో వ్రాయవలెను.

అలంకారముల విషయము స్వల్పము. ఫాంటుల జాబితాలోని జార్జియా, వెర్డానా వంటివానిలో తెలుగు అక్షరములే లేవు; ఏది ఎంచుకొన్నను చదువరి యంత్రములోని తెలుగు ఫాంటే కనిపించును. నస్తాలీఖ్ కూడ లేఖతో ప్రయాణము చేయదు. అది లేని యంత్రములో ఉర్దూ నస్ఖ్ రూపమున కనిపించును. తెలుగు పదము క్రింద గీత గీసినచో అది వత్తులను కోయును, ఉర్దూలో అడుగు నుక్తాలను కప్పును. వాలు అక్షరములు తెలుగునకు సహజములు కావు. ముఖ్యపదమును బొద్దుగా చేయుట ఒక్కటి చాలును.

రంగులపై అర్థమును మోపరాదు. ఫార్మాటింగ్ గల లేఖను జీమెయిల్ రెండు ప్రతులుగా పంపును: ఒకటి హెచ్‌టీఎంఎల్‌లో, మరియొకటి సాదా పాఠముగా. సాదా ప్రతిని చూచువారికి రంగులుండవు. ‘ఎరుపు రంగులోని పేర్లవారు ఫీజు చెల్లించవలెను’ అని కళాశాల వ్రాసినచో, అట్టివారికి ఎవరు చెల్లించవలెనో తెలియదు. పేరు ప్రక్కన ‘చెల్లించవలెను’ అని వ్రాసిన చాలును. వేరొక చోటినుండి తెచ్చి అతికించునప్పుడు కంట్రోల్, షిఫ్ట్, వి మీటలను కలిపి నొక్కినచో అచ్చటి రంగులు, కొలతలు వెంటరావు.

ముఖ్యమైన లేఖను ముందుగా తన చిరునామాకే పంపుకొని, కంప్యూటర్‌లో ఒకమారు, ఫోనులో ఒకమారు తెరచి చూడవలెను. ఉర్దూ పేరాలను బిగ్గరగా చదువవలెను. అంకెలను మాత్రము మూల ధ్రువపత్రము ఎదుట పెట్టుకొని, ఒక్కొక్కటిగా సరిపోల్చవలెను.