చెవులు లేని హోయిచి: ‘క్వైదాన్’ చలనచిత్ర పరిశీలనము

దయ్యముల కథ యనగానే మనలో పెక్కుమందికి చీకటి, మఱ్ఱిచెట్టు, విరబోసికొన్న జుట్టు, వెనుకకు తిరిగిన పాదములు జ్ఞప్తికి వచ్చును. అట్టి కథలు వినుచున్నంతసేపు గుండె దడదడలాడును. తెల్లవారిన పిమ్మట నవ్వు వచ్చును. కాని కొన్ని కథలు తెల్లవారిన తరువాతనే మనస్సును పట్టుకొనును. అట్టివి నాలుగింటిని ఒకచోట గూర్చిన జపాను చలనచిత్రము ‘క్వైదాన్’. ‘వింత కథలు’ అని ఆ మాటకు అర్థము. మసాకి కొబయాషి దర్శకత్వమున 1964లో వెలువడిన ఈ చిత్రము 1965లో కాన్ చలనచిత్రోత్సవమున న్యాయనిర్ణేతల ప్రత్యేక బహుమానమును పొందెను.

ఈ చిత్రపు మొదటి నిడివి 183 నిమిషములు. విదేశీయులు మాత్రము చిరకాలము దీనిని కత్తిరింపులతోనే చూచిరి. 2015లో అమెరికా దేశపు క్రైటీరియన్ సంస్థవారు పూర్తి నిడివిగల చిత్రమును పునరుద్ధరించి, ఇంటిలోనే చూచుకొనుటకు వీలుగా బ్లూ రే డిస్కుపై వెలువరించిరి. దానిని ఆసాంతము చూచినవారికి ఒక ప్రశ్న తోచక మానదు. ఈ కథలలోని మృతులు బ్రదికియున్నవారినుండి కోరుచున్నదేమి? ఈ వ్యాసమున దానిని విచారింతము.

కథలు చేరిన త్రోవ

ఈ కథలు జపానువారివి. కాని లోకమునకు వీనిని అందించినవాడు విదేశీయుడు. అతని పేరు లఫ్కాడియో హెర్న్. 1850లో గ్రీసు దేశపు ద్వీపమొకదానిలో, ఐర్లండు తండ్రికిని గ్రీకు తల్లికిని జన్మించెను. పిన్నవయసుననే ఒక కంటి చూపు కోల్పోయెను. 1890లో జపాను చేరి, మత్సుఎ పట్టణమున ఆంగ్లోపాధ్యాయుడయ్యెను. అచటనే కొయిజుమి సెత్సు అను స్త్రీని వివాహమాడి, పిదప ఆ దేశపు పౌరుడై, కొయిజుమి యకుమొ అను పేరు వహించెను.

హెర్నుకు జపాను గ్రంథములను స్వయముగా చదువుకొనునంతటి పాండిత్యము లేదు. భార్య పాతకథలను చదివి అతనికి వినిపించుచుండెడిది. పుస్తకము చూచి చదువవద్దనియు, ఆమె సొంత మాటలతోనే చెప్పవలెననియు అతడు కోరెడివాడని సెత్సు తన స్మృతులలో తెలిపినది. ఆ విధముగా ఒక గృహిణి నోటి మాట ఒక బాటసారి చెవిని బడి, ఆంగ్ల గ్రంథములై నిలిచెను. వానిలో ‘క్వైదాన్’ అను గ్రంథము 1904లో ప్రకటితమైనది. ఆ సంవత్సరముననే హెర్ను మరణించెను. అరువది యేండ్లకు కొబయాషి ఆ కథలను మరల జపాను భాషకు, జపాను తెరకు తెచ్చెను. చిత్రమునందలి రెండు కథలు ఆ గ్రంథములోనివి. తక్కిన రెండును హెర్నుయొక్క వేరు సంపుటములలోనివి.

నాలుగు కథలు, ఒక ఋణము

మొదటి కథ ‘నల్లని కురులు’. దారిద్ర్యమునకు తాళలేని ఒక యోధుడు, మగ్గము నేసి తనను పోషించిన భార్యను విడనాడి, పదవికొఱకు ధనవంతుల పిల్లను పెండ్లాడును. ఏండ్లు గడచిన పిమ్మట పశ్చాత్తాపముతో పాత యింటికి మరలివచ్చును. భార్య ఏమాత్రము మారక మగ్గముకడ కూర్చుండి, ప్రేమతో పలుకరించును. తెల్లవారి చూచునప్పటికి అతని ప్రక్కనున్నది కేశపాశముతోడి అస్థిపంజరము.

రెండవది ‘మంచు మగువ’. తుపానులో చిక్కిన కట్టెలు కొట్టు యువకుని, చూచినదానిని ఎవ్వరికిని చెప్పరాదను కట్టడితో మంచు మగువ ప్రాణములతో విడిచిపెట్టును. కొన్నాళ్ల కతడు యుకి అను సుందరిని పెండ్లాడి, మువ్వురు బిడ్డలకు తండ్రియగును. ఒకనాటి రాత్రి ఆ పాత సంగతి భార్యకే చెప్పివేయును. ఆమెయే ఆ మంచు మగువ! బిడ్డల మొగము చూచి అతనిని చంపక, మంచులో కలిసిపోవును.

నాలుగవది ‘టీ పాత్రలో’. ఒక భటుడు త్రాగబోవు టీలో పరాయి పురుషుని ముఖము కానవచ్చును. ఆ కథ సగములోనే ఆగిపోవును. ఎందుకు ఆగినదో తెలియగోరువారికి చిత్రపు కడపటి దృశ్యము భయంకరమైన సమాధానము చెప్పును.

మూడవ కథను కడపట చెప్పుటకు కారణము కలదు.

హోయిచి కథ

1185లో దన్-నో-ఉర కడ జరిగిన నౌకాయుద్ధమున హెయికె వంశము నశించెను. ఏడేండ్లు నిండని అంతోకు చక్రవర్తిని అతని అవ్వ చేతులలోనికి తీసికొని సముద్రమున దూకెను. ఆ తీరమందలి ఆలయమున హోయిచి అను అంధగాయకుడు కలడు. బీవా యను తంత్రీవాద్యమును మీటుచు ఆ యుద్ధగాథను గానము చేయుటలో అతడు దిట్ట. ఒక రాత్రి ఒక యోధుడు వచ్చి, తన ప్రభువు వినగోరుచున్నాడని అతనిని కొనిపోవును. గొప్ప సభలో పాడుచున్నానని హోయిచి తలచును. నిజమునకు అతడు పాడుచున్నది హెయికెవారి సమాధుల నడుమ!

సంగతి తెలిసికొన్న అర్చకుడు, హోయిచిని కాపాడుటకై అతని దేహమంతటను ప్రజ్ఞాపారమితా హృదయ సూత్రమును వ్రాయించును. అది చీనా మీదుగా జపాను చేరిన బౌద్ధసూత్రము. ఆ ప్రజ్ఞాపారమితా సంప్రదాయమున అగ్రగణ్యుడగు ఆచార్య నాగార్జునుని పేరు కృష్ణాతీరమందలి నాగార్జునకొండకు నిలిచియుండుట మన మెరిగినదే. సూత్రాక్షరములున్న మేను ప్రేతమునకు కానరాదు. కాని వ్రాసినవారు చెవులను మరచిరి. వచ్చిన యోధునికి గాలిలో రెండు చెవులు మాత్రమే అగపడెను. ప్రభువునకు ఆనవాలుగా అతడు వానిని పెరికికొనిపోయెను.

గమనింపుడు. హెయికె ప్రేతములు మొదట హోయిచికి హాని తలపెట్టలేదు. తమ కథను ఒక్కసారి చక్కగా వినవలెనని మాత్రమే కోరినవి. నల్లని కురుల యిల్లాలు కోరినది ఇచ్చిన మాట. మంచు మగువ కోరినది దాచిన మాట. మృతులు వచ్చునది మన రక్తమునకు గాదు. మనము చెల్లింపక విడిచిన ఋణమునకు. అందుచేతనే ఈ చిత్రము ముగిసిన పిమ్మట చీకటికంటె మన మరపే మనకు ఎక్కువ భయము గొల్పును. చెవులు పోయిన తరువాత సైతము హోయిచి గానము మానక, ఆ దుఃఖితాత్మల శాంతికై పాడుటకు నిశ్చయించుకొనుట ఈ కథకు కిరీటము.

చిత్రణ విధానము

ఇది కొబయాషి తీసిన మొదటి వర్ణచిత్రము. ప్రకృతిని ఉన్నదున్నట్లు చూపుట అతని యభిమతము గాదు. పాత విమానశాలలో అడవులను, మంచుమైదానములను నిర్మింపజేసి, వెనుకతెరలపై ఆకాశమును చిత్రింపజేసెను. మంచు మగువ కథలోని ఆకాశమున పెద్దపెద్ద కన్నులు మనలను చూచుచుండును.

సంగీతము తోరు తకెమిత్సుది. సాధారణముగా భయానక చిత్రములలో వాద్యములు హోరెత్తును. ఇందు బహుళము నిశ్శబ్దమే. నల్లని కురుల కథ చివరను యోధుడు తడబడి పడుచుండగా మనకు వినవచ్చునది అతని కేక గాదు; కట్టె పగిలిన చప్పుడు. వినవలసినది వినబడకుండుటయే గుండెను పట్టును.

పునరుద్ధరణ మనగా నేమి?

చలనచిత్రపు ఫిలిము కాలక్రమమున గీతలు పడును, రంగు వెలియును, ముడుచుకొనును. క్షణమునకు 24 బొమ్మల చొప్పున 183 నిమిషములకు 2,63,520 బొమ్మలు. పునరుద్ధరణమున లభ్యమైన మేలైన ప్రతినుండి ప్రతి బొమ్మను యంత్రముచే అంకరూపమునకు మార్చి, ధూళిని, గీతలను తొలగించి, రంగులను సరిదిద్దుదురు. క్రొత్త సొగసులు చేర్చుట దీని పని గాదు. చిత్రకారుడు చేసినదానిని చేసినట్లు చూపుటయే దీని ధర్మము.

ఈ చిత్రమునకు గీతలకంటె కత్తెర చేసిన హాని యెక్కువ. 161 నిమిషముల కుదింపు ఒకటి విదేశములందు ప్రచారమున నుండెను. అమెరికా ప్రదర్శనలకై మంచు మగువ కథను పూర్తిగా తీసివేసి, 125 నిమిషములకు కుదించిరి. తీసినవారు దురాలోచనతో చేసియుండరు. ప్రేక్షకులు అంతసేపు కూర్చుండలేరని భావించియుందురు. హోయిచి చెవులను మరచినవారును దుష్టులు గారు గదా! కాపాడదలచినవారి ఏమరుపాటు సైతము నష్టమునే కలిగించును. కావుననే పోయిన భాగమును వెదకి యథాస్థానమున నిలుపుట గొప్ప సేవ.

మనకు బోధపడునది

తెలుగుదేశమునకు వెలుపల తరతరములుగా స్థిరపడిన మన యిండ్లలో అవ్వలు, తాతలు చెప్పు కథలు పెక్కు కలవు. ఏ పొలిమేర చెట్టు క్రింద ఏ దీపము కనబడినదో, ఏ బావికి ఆ పేరెట్లు వచ్చెనో వారికే తెలియును. వానిలో చాల భాగము ఏ పుస్తకమునను లేదు. మనము బడిలో వ్రాయుట నేర్చితిమి. ఇంటిలో వినుట మరచుచున్నాము. పరదేశి యొకడు భార్య నోటివెంట విని వ్రాసిపెట్టుటచేతనే హోయిచి పాట నేడు మనవరకు చేరినది. మనకు ఆ అవకాశము మన వాకిటనే కలదు. మీ అవ్వను పుస్తకములో ఉన్నట్లు గాక, తన మాటలలోనే చెప్పుమనుడు. ఒక్క మాటయు దిద్దక వ్రాసికొనుడు. చెవులను మరువకుడు.

అభ్యాసము

1. నాలుగు కథలలో మొదటి మూడింట ఎవరు ఎవరికి ఏ ఋణము పడియున్నారో వివరింపుడు.
2. పునరుద్ధరించుటకును, క్రొత్తగా తీర్చిదిద్దుటకును భేద మేమి?
3. మీ యింటి పెద్దలనుండి ఒక పాతకథను విని, వారి పలుకుబడిని మార్చక రెండు పుటలలో వ్రాయుడు.