కంప్యూటరు లెక్కలకు తోడు దాచుకొందాం



రాత్రి పాలు కాచి, గోరువెచ్చగా చల్లారాక తోడు పెట్టడం మన ఇండ్లలో రోజూ జరిగే పని. పెరుగంతా వాడేయకుండా మరునాటి తోడుకని ఒక గరిటెడు వేరే గిన్నెలో ఉంచుతాం. ఏ రాత్రయినా పిల్లి ఆ గిన్నె దొర్లిస్తే పక్కింటికి వెళ్లి కాస్త తోడు అడిగి తెచ్చుకొంటాం. తోడు పక్కింట్లో కూడా ఉంది కాబట్టి మన ఇంట్లో పెరుగు ఆగదు.

కంప్యూటరులో దాచుకొన్న లెక్కలకు, కాగితాలకు, ఫోటోలకు కూడా ఇలాంటి తోడు ఉండాలి. దానినే బ్యాకప్ అంటారు. మనం నకలు అనుకొందాం. నకలు తీయడం ఎలా, పోయినవాటిని దాని నుండి తిరిగి తెచ్చుకోవడం ఎలా అన్నదే ఈ పాఠం.

పోతే ఏమి పోతుంది?

నక్కపల్లి ప్రాంతంలో పిల్లల చదువు కోసమని కంప్యూటరు కొన్న ఇండ్లు ఉన్నాయి. క్రమంగా అందులోకి పెండ్లి ఫోటోలు, పాసు పుస్తకం నకళ్లు, పశువుల బీమా కాగితాలు చేరుతాయి. ఆ ఇల్లు సంఘ కార్యదర్శిది అయితే సంఘం లెక్కలు కూడా అందులోకే వస్తాయి.

150 మంది పాలు పోసే ఒక సంఘాన్ని ఉదాహరణగా తీసుకొందాం. రెండు పూటలా పోస్తే రోజుకు 300 పద్దులు, పది రోజుల బిల్లుకు 3,000 పద్దులు. ప్రతి పద్దులోను లీటర్లు, వెన్నశాతం, ఎస్.ఎన్.ఎఫ్., ధర, రావలసిన సొమ్ము ఉంటాయి. తొమ్మిదోనాటి రాత్రి కంప్యూటరు చెడిపోతే 2,700 పద్దులు పోయినట్లే. పాలు అప్పటికే వెళ్లిపోయాయి. పరీక్ష సీసాలు కడిగేశారు. మళ్లీ కొలవడానికి ఏమీ మిగలలేదు.

ఒక్క గేదె మీద బతికే సభ్యురాలు తన పాలకు 7 శాతం వెన్న వచ్చిందని అంటుంది. కార్యదర్శికి 6 అని గుర్తు. ఇద్దరూ నిజాయితీపరులే. అయినా తీర్పు చెప్పడానికి ఆధారం లేదు. చీటీ దాచుకొన్నవారికి న్యాయం జరుగుతుంది, పారేసినవారికి మాట మాత్రమే మిగులుతుంది. సంఘం నిలబడేది నమ్మకం మీద. ఆ నమ్మకం అరచేతిలో పట్టే ఒక పెట్టెలో ఉంటోందని మనం మరచిపోతున్నాం.

హార్డ్ డిస్కు ఎందుకు చెడుతుంది?

వెన్నశాతం చూడడానికి పాల సీసాలను తిప్పే గెర్బర్ యంత్రం నిమిషానికి సుమారు 1,100 చుట్లు తిరుగుతుంది. హార్డ్ డిస్కులోని పళ్లేలు నిమిషానికి 5,400 లేక 7,200 చుట్లు తిరుగుతాయి. వాటిపై అక్షరాలను చదివే ముల్లు పళ్లేనికి తగలకుండా, వెంట్రుక మందంకన్నా ఎన్నో రెట్లు తక్కువ ఎడంతో తేలుతూ ఉంటుంది. నడుస్తుండగా కింద పడినా, గట్టిగా కుదిపినా ముల్లు పళ్లేన్ని గీయవచ్చు. టక్ టక్ మని చప్పుడు రావడం, ఫైలు తెరవడానికి ఎన్నడూ లేనంత సేపు పట్టడం ప్రమాద సూచనలు.

ఇప్పుడు వస్తున్న ఎస్.ఎస్.డి. అనే డిస్కులలో తిరిగే భాగాలు లేవు. కాని అవి ఏ చప్పుడూ చేయకుండా ఒక్కసారిగా ఆగిపోవచ్చు.

డిస్కు బాగున్నా లెక్కలు పోవచ్చు. కరెంటు హెచ్చుతగ్గులు, పిడుగు, దొంగతనం, పొరపాటున చెరిపేయడం, వైరసు ఇందుకు కారణాలు. 2017 మే నెలలో వానాక్రై అనే వైరసు సుమారు 150 దేశాలలో కంప్యూటర్లలోని ఫైళ్లకు తాళం వేసి సొమ్ము అడిగింది. మన రాష్ట్ర పోలీసు శాఖలోని కొన్ని కంప్యూటర్లు కూడా దానికి చిక్కాయి.

ఎన్ని నకళ్లు? ఎక్కడ?

అసలుతో కలిపి మూడు ప్రతులు, రెండు రకాల సాధనాల మీద, ఒకటి వేరే చోట. ఇది ప్రపంచమంతటా పాటించే నియమం. పీటర్ క్రోగ్ అనే అమెరికా ఫోటోగ్రాఫరు దీనిని ప్రచారంలోకి తెచ్చాడు.

వేరే చోట అంటే పక్క గది కాదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను విశాఖ వద్ద తీరం దాటిన రోజును మన జిల్లావారు మరువలేరు. పైకప్పు లేచిపోయిన ఇంట్లో బీరువాలోని నకలు కూడా తడుస్తుంది. తీరానికి దగ్గరగా ఉన్న నక్కపల్లివారు ఒక నకలును అనకాపల్లిలోనో, ఇంకా లోపలి ఊరిలోనో నమ్మకమైన బంధువు ఇంట ఉంచడం మంచిది. ఇంటర్నెట్‌లో దాచుకోవడం కూడా ఒక పద్ధతి. గూగుల్ ఖాతాకు 15 జి.బి. వరకు ఉచితంగా చోటు ఇస్తున్నారు.

సంఘం లెక్కలకు పెద్ద చోటు అక్కరలేదు. 150 మంది సభ్యులకు ఏడాది మొత్తానికి 1,09,500 పద్దులు. పద్దుకు 100 అక్షరాల చొప్పున వేసుకొన్నా సుమారు 11 ఎం.బి. మాత్రమే. సెల్ ఫోనులో తీసిన ఒక్క నిమిషం వీడియో ఇంతకన్నా ఎక్కువ చోటు తీసుకొంటుంది. ఎక్కువ చోటు కావలసింది ఫోటోలకే.

నకలు తీసే విధానం

1. బయట తగిలించే హార్డ్ డిస్కులు రెండు కొనండి. మీ కంప్యూటరులో నిండి ఉన్న చోటుకు కనీసం రెట్టింపు పట్టేవి తీసుకోండి. ఒకదానిపై ‘అ’ అని, రెండవదానిపై ‘ఆ’ అని రాయండి.

2. విండోస్ కంప్యూటరు అయితే కంట్రోల్ ప్యానెల్‌లో ‘ఫైల్ హిస్టరీ’ అనే ఏర్పాటు ఉంది. డిస్కు తగిలించి దానిని ఆన్ చేస్తే డాక్యుమెంట్లు, ఫోటోలు, డెస్క్‌టాప్ మీది ఫైళ్లు నకలు అవుతాయి.

3. పాల లెక్కల ప్రోగ్రాము తన పద్దులను తరచుగా వేరే ఫోల్డరులో ఉంచుకొంటుంది. పై ఏర్పాటు దానిని తాకదు. ఆ ప్రోగ్రాములోనే ఉండే బ్యాకప్ మీట నొక్కి నకలు తీయాలి. ఆ మీట లేకపోతే ప్రోగ్రామును పూర్తిగా మూసివేసి, ఫోల్డరు మొత్తాన్ని కాపీ చేయాలి. ప్రోగ్రాము తెరిచి ఉండగా తీసిన నకలు సగం తోడుకొన్న పెరుగు వంటిది.

4. ప్రతి సాయంత్రం పాల సేకరణ ముగిశాక ఆనాటి పద్దులను పెన్ డ్రైవులోకి తీయండి. పది రోజుల బిల్లు పూర్తి కాగానే ఒకసారి ‘అ’ డిస్కుపై, మరుసటి బిల్లుకు ‘ఆ’ డిస్కుపై మొత్తం నకలు తీయండి. అప్పుడే తీసిన డిస్కు బయటి ఊరికి వెళ్తుంది, పాతది వెనక్కి వస్తుంది.

5. పని కాగానే డిస్కును విప్పి తీసివేయండి. తగిలించే ఉంచితే వైరసు గాని, పిడుగు గాని అసలును, నకలును కలిపి తీసుకుపోతుంది.

6. ఒక నోటు పుస్తకంలో తేది, ఏ డిస్కు, ఎవరు తీశారు అన్నది రాసి సంతకం చేయండి. సభ్యుల బ్యాంకు ఖాతా నంబర్లు ఉంటాయి కాబట్టి డిస్కుకు పాస్‌వర్డ్ పెట్టి, కార్యదర్శి, అధ్యక్షుడు ఇద్దరూ దానిని తెలుసుకొని ఉండాలి.

తోడుకొంటేనే తోడు

ఇంతవరకు చేసేవారు కొందరు ఉన్నారు. ఇక్కడితో ఆగిపోయేవారే ఎక్కువ. గిన్నెలో ఉన్నది తోడో కాదో చూపుతో తెలియదు. పాలలో వేసి, తెల్లవారి గట్టిగా తోడుకొన్నదా అని చూస్తేనే తెలుస్తుంది. నకలు కూడా అంతే. తిరిగి తెరిచి చూడని నకలును నకలుగా లెక్కపెట్టరాదు.

ఈ తప్పు మనబోటివారే చేస్తారనుకోకండి. గిట్‌ల్యాబ్ అనే పెద్ద కంప్యూటరు సంస్థలో 2017 జనవరి 31న ఒక ఇంజనీరు పొరపాటున అసలు లెక్కలను చెరిపేశాడు. వారికి ఐదు రకాల నకలు ఏర్పాట్లు ఉన్నాయి. తీరా అవసరం వచ్చేసరికి ఒక్కటీ సరిగా పని చేయలేదు. వేరే పనికని ఆరు గంటల ముందు తీసి ఉంచిన ప్రతి ఒకటి దొరకబట్టి బయటపడ్డారు. ఆ ఆరు గంటల మార్పులు మాత్రం పోయాయి. జరిగినదంతా వారే బహిరంగంగా చెప్పుకొన్నారు. ఆ నిజాయితీ నుండి మనం నేర్చుకోవాలి.

మూడు నెలలకు ఒకసారి ఇలా పరీక్షించండి. నకలును వీలైతే మరొక కంప్యూటరులో, లేకపోతే ఇదే కంప్యూటరులో కొత్త ఫోల్డరు చేసి అందులోకి తెచ్చుకోండి. అసలు పద్దులపైకి ఎన్నడూ తేవద్దు. తరువాత మూడు విషయాలు సరిచూడండి: ఒక బిల్లు మొత్తం లీటర్లు, ఆ బిల్లు మొత్తం సొమ్ము, ఎవరైనా ఒక సభ్యుని ఒక పూట పద్దు. మొదటి రెండూ సంఘం రిజిస్టరుతోను, మూడవది సభ్యుని చీటీతోను కలవాలి. పాలకవర్గ సభ్యుడొకరు పక్కన కూర్చొని చూడాలి. ఫోటోలైతే పాతవి కొన్ని, కొత్తవి కొన్ని తెరిచి చూస్తే చాలు.

నిజంగా డిస్కు పోయిన రోజున

కంగారుపడి కంప్యూటరును పదే పదే ఆపి వేయకండి. చెడిన డిస్కు ఇంకా చెడుతుంది. కొత్త డిస్కు వేయించి, విండోసును, పాల లెక్కల ప్రోగ్రామును మళ్లీ ఎక్కించండి. అందుకు కావలసిన ప్రోగ్రాము నంబరును ముందే నోటు పుస్తకంలో రాసి ఉంచుకోవాలి. ఆ తరువాతనే నకలును తగిలించండి. వైరసు వల్ల పోయి ఉంటే శుభ్రం చేయని కంప్యూటరుకు నకలును తగిలించనే కూడదు.

కంప్యూటరు మొత్తాన్ని ఉన్నదున్నట్లుగా నకలు తీసే ‘సిస్టమ్ ఇమేజి’ పద్ధతి కూడా ఉంది. దానితో తిరిగి తెచ్చుకొంటే ఇమేజి తీసిన నాటి తరువాత డిస్కులో చేరినవన్నీ తుడిచిపెట్టుకుపోతాయి. ఈ మాట తెలియక నష్టపోకండి.

చివరి నకలుకు, డిస్కు పోయిన సమయానికి మధ్య పద్దులను సభ్యుల చీటీలు చూసి రాయాలి. సంగతిని ఆ పూటే సభ్యులకు చెప్పండి. దాచిన లోటు కన్నా చెప్పిన లోటు తేలికగా తీరుతుంది.

సంఘ సమావేశంలో అడుగవలసిన ప్రశ్నలు

1. మన లెక్కల చివరి నకలు ఏ తేదీది?
2. అది ఇప్పుడు ఎవరి ఇంట ఉంది?
3. దానిని తెరిచి సరిచూసింది ఎవరు, ఎప్పుడు?

మొదటి రెండింటికి జవాబు వచ్చి మూడవదానికి రాకపోతే, ఆ సాయంత్రమే పరీక్ష పెట్టండి. సభ్యులు కూడా తమ చీటీలను బిల్లు చేతికి వచ్చేవరకు పారవేయవద్దని మనవి. సంఘానికి నకలు ఎలాంటిదో, సభ్యునికి చీటీ అలాంటిది.