దానం ఇచ్చే ముందు



ధమ్మ బంధువులారా, ఈసారి పాఠం దానం గురించి. పది పారమితల్లో మొదటిది దానమే. 1956 అక్టోబరు 14న నాగపూర్‌లో బాబాసాహెబ్ చేయించిన 22 ప్రతిజ్ఞల్లో 12వది పారమితలను పాటిస్తానని, 13వది సకల ప్రాణుల మీద దయ చూపి వాటిని కాపాడతానని. ఈ రెండూ పక్కపక్కనే ఉన్నాయి. రెండింటినీ ఒకేసారి పాటించబోయి మోసపోయిన ఒక అక్క సంగతి ముందు చెప్తాను.

మా విహారానికి వచ్చే ఈ ఉపాసిక పారిశుధ్య కార్మికురాలు. తెల్లారకముందే చీపురు పట్టాలి. ఆమె ఫోన్‌లో ఒక వీడియో వచ్చింది. కాలు విరిగి, పుండుకు పురుగులు పట్టిన కుక్కపిల్ల. "ఆపరేషన్‌కు డబ్బు లేదు, ఈ రాత్రి దాటదు" అని రాసి, కింద క్యూఆర్ కోడ్. ఐదొందలు పంపింది. మరుసటి నెల మళ్లీ ఐదొందలు, మూడో నెల కూడా. నాలుగో నెలలో వాళ్లబ్బాయి అదే కుక్కపిల్ల ఫోటో ఇంకో పేజీలో, ఇంకో ఊరి పేరుతో, ఇంకో కోడ్‌తో చూపించాడు. పదిహేను వందలు పోయాయి. అది ఆమెకు చిన్న సొమ్ము కాదు. అయితే అసలు నష్టం తర్వాత తెలిసింది. హాస్టల్ పిల్లల పుస్తకాలకు చందా అడగబోతే, "వద్దన్నా, ఇక ఎవరికీ ఇవ్వను. అందరూ ఒకటే" అంది.

"పోనీలే అక్కా, నువ్వు మంచి మనసుతో ఇచ్చావు, వాడి పాపం వాడిది" అని కొందరు ఓదార్చారు. నేనూ తలూపాను. తర్వాత ఆలోచిస్తే ఆ మాట సగమే నిజం అనిపించింది. అంగుత్తర నికాయంలో సత్పురుషుని దానానికి ఐదు లక్షణాలు చెప్పారు. శ్రద్ధతో ఇవ్వాలి, గౌరవంగా ఇవ్వాలి, తగిన సమయంలో ఇవ్వాలి, మనసు బిగబట్టుకోకుండా ఇవ్వాలి. ఐదోది, తనకు గానీ ఇతరులకు గానీ హాని జరగకుండా ఇవ్వాలి. మొదటి నాలుగూ అక్క దానంలో ఉన్నాయి. ఐదోదాని గురించి మేం విహారంలో ఎన్నడూ సరిగా మాట్లాడుకోలేదు.

దానం వల్ల హాని ఎలా జరుగుతుంది? ఈ రక్షణ వీడియోలే చూడండి. కొండచిలువ కుక్కపిల్లను చుట్టుకుని ఉంటుంది, ఒక మనిషి పరుగెత్తుకొచ్చి విడిపిస్తాడు. పాము చుట్టుకోకముందు నుంచే కెమెరా అక్కడ ఎందుకుంది? ఆ కుక్కపిల్లను పాము దగ్గర పెట్టింది వాళ్లే. కొన్ని జంతువులను కావాలనే బురదలో దించుతారు, గాయపరుస్తారు. ఇంకా ఘోరం ఏమంటే కొందరు గాయం మాననివ్వరు, ఎందుకంటే మానితే డబ్బు ఆగుతుంది. ఆసియాలోని జంతు సంక్షేమ సంఘాల కూటమి ఒకటి 2024లో ఇచ్చిన నివేదికలో ఇలాంటి లింకులు వెయ్యికి పైగా లెక్కపెట్టింది. వాటిని జనం చూసింది 57 కోట్ల సార్లకు పైనే. జంతువును ప్రమాదంలో పెట్టి తీసే ఉత్తుత్తి రక్షణ వీడియోలు నిషిద్ధమని యూట్యూబ్ నిబంధనల్లోనే ఉంది, అయినా వస్తూనే ఉన్నాయి. అంటే మనం పంపే ఐదొందలు ఈ కుక్కపిల్లను కాపాడకపోవడమే కాదు, రేపు ఇంకో కుక్కపిల్ల కాలు విరగ్గొట్టడానికి పెట్టుబడి అవుతుంది. మొదటి శీలం మన చేత్తో మనమే తప్పినట్టు.

ఇది ఫోన్లు వచ్చాక పుట్టిన రోగం కాదు. దసరా నాడు మనం తెల్లబట్టలు కట్టుకుని అశోక విజయదశమి జరుపుకుంటుంటే, తెలంగాణలో కొన్నిచోట్ల అదే వీధిలో పంజరాల్లో పాలపిట్టలు తెచ్చి పెడతారు. చూస్తే శుభమని జనం డబ్బిస్తారు. కాళ్లు, రెక్కలు కట్టేసిన ఆ పక్షిని చూసి జాలిపడి, కొని వదిలేవాళ్లూ ఉన్నారు. వదిలిన పక్షి ఎగరలేదు, అమ్మినవాడు వచ్చే ఏడాది ఇంకో నాలుగు పట్టుకొస్తాడు. 1972 వన్యప్రాణి చట్టం ప్రకారం పాలపిట్టను పట్టడమే నేరం. అక్కడ చేయాల్సింది కొనడం కాదు, అటవీశాఖకు చెప్పడం. మన బౌద్ధులకూ ఈ తప్పు కొత్త కాదు. థాయిలాండ్, తైవాన్‌లలో పుణ్యం కోసం పిట్టల్నీ చేపల్నీ కొని వదిలే ఆచారం ఉంది. వదలడానికి కొంటారు కాబట్టే వాటిని పట్టుకొస్తారు.

"మన పిల్లలకే ఫీజుల్లేవు, కుక్కలకెందుకు?" అని యువకులు అడుగుతారు. అడగొచ్చు. గిన్నె కడిగిన నీళ్లు అందులోని జీవులు తింటాయని తలచి మురుగుగుంటలో పోసినా అది పుణ్యమేనని బుద్ధుడు వచ్ఛగోత్తుడికి చెప్పాడు. కర్నూలు జిల్లా ఎర్రగుడి బండల మీద ఉన్న అశోకుడి రెండో శాసనం మనుషులకూ పశువులకూ వైద్యం గురించి చెప్తుంది. మందు మొక్కలు లేనిచోట తెప్పించి నాటించాడు, బావులు తవ్వించాడు. గమనించండి, అవన్నీ కంటికి కనబడే పనులు. కరుణతో పాటు ప్రజ్ఞ కూడా కావాలని బాబాసాహెబ్ అన్నది ఇందుకే.

ఇక మనం ఏం చూడాలి? డబ్బు పంపేటప్పుడు పిన్ కొట్టే ముందు ఫోన్‌లో పేరు వస్తుంది. వీడియోలో ఫౌండేషన్ అని ఉండి, ఇక్కడ ఎవరో ఒక మనిషి పేరు వస్తే ఆగండి. రసీదు అడగండి. 80జీ ఉందంటే నంబరు అడగండి. నీతి ఆయోగ్ దర్పణ్ పోర్టల్‌లో సంస్థ పేరు వెతకండి, అయితే అక్కడ పేరు ఉన్నంత మాత్రాన నిజాయితీపరులని కాదు. అన్నిటికంటే మంచి ప్రశ్న, "ఏ డాక్టరు చూస్తున్నారు? నేను వచ్చి చూడొచ్చా?" నిజంగా పనిచేసేవాళ్లు ఆ ప్రశ్నకు కోపం తెచ్చుకోరు. ఈ రాత్రే పంపాలి అని తొందరపెట్టేవాడి దగ్గర తెల్లారేదాకా ఆగండి. మోసపోయామని తెలిస్తే సిగ్గుపడకుండా వెంటనే 1930కి ఫోన్ చేయండి.

కాగితాల్లేని మంచివాళ్లూ ఉంటారు. మన బస్తీలో రోజూ కుక్కలకు అన్నం పెట్టే ముసలమ్మ దగ్గర ఏ రిజిస్ట్రేషనూ ఉండదు. ఆమెకు ఐదు కిలోల బియ్యం ఇవ్వండి, రేబిస్ టీకాకు ఆమెతో పాటు పశువుల ఆస్పత్రికి వెళ్లండి. మేకకో గేదెకో దెబ్బ తగిలితే 1962కు ఫోన్ చేస్తే పశువైద్య వాహనం వస్తుంది, డబ్బు అక్కర్లేదు.

ఈ ప్రశ్నలు విహారాన్నీ అడగాలి. దీక్ష మర్నాడు నాగపూర్ ప్రసంగంలో బాబాసాహెబ్ ప్రతి ఒక్కరూ ఆదాయంలో ఇరవయ్యో వంతు ధమ్మ కార్యానికి ఇవ్వాలన్నారు. ఇరవయ్యో వంతు అడిగేవాళ్లు లెక్క చూపించాలి కదా. ఈ పాఠం రాసుకున్నాక ఆ అక్క దగ్గరికి వెళ్లి చదివి వినిపించాను. అంతా విని, "సరే అన్నా, మరి పోయినేడు పుస్తకాల బిల్లులేవి?" అంది. వెతికితే రెండు బిల్లులు లేవు. ఆ దుకాణానికి వెళ్లి నకళ్లు తెచ్చాం. అప్పటి నుంచి ప్రతి పౌర్ణమికి బిల్లులన్నీ విహారం గోడ మీద అంటిస్తున్నాం. ఆమె కళ్లజోడు పెట్టుకుని ఒక్కొక్కటే చదువుతుంది.

వచ్చే ఆదివారం వందన తర్వాత అందరూ ఫోన్లు తెచ్చుకోండి. మీకు చందా అడుగుతూ వచ్చిన వీడియో ఒకటి తీసుకుని, ఐదో లక్షణం ప్రకారం అందరం కలిసి పరిశీలిద్దాం.