ఆఫీసు గది నుంచి డైనింగ్ హాలుకు తీగ లేకుండా పాట



మా బ్యాచ్ వాళ్లం చందాలు వేసుకుని హాస్టల్‌కు ఒక పాత కంప్యూటరు, ఒక స్టీరియో ఆంప్లిఫయరు, రెండు స్పీకర్ బాక్సులు ఇచ్చాము. కంప్యూటరు ఆఫీసు గదిలో, స్టీరియో డైనింగ్ హాలులో. మధ్య దూరం అరవై అడుగులు. వరండాలో నేలమీదే తీగ లాగి, పైన గోనెపట్టా కప్పి పని అయిపోయిందనుకున్నాము. ఒక ఆదివారం సాంబారు బకెట్ మోసుకొస్తున్న ఏడో తరగతి తమ్ముడి కాలికి ఆ పట్టా తగిలింది. పాదం కాలి రెండు వారాలు బడికి వెళ్లలేకపోయాడు. తీగ వేసింది మేమే కనుక దాన్ని తీసే బాధ్యత కూడా మాదే అనుకున్నాము.

నిజానికి ఆ తీగలో పాటతోపాటు 'గుయ్' మనే మోత కూడా వచ్చేది. రెండు గదుల ఎర్తింగులో తేడా ఉంటే కరెంటు తాలూకు 50 హెర్ట్జ్ మోత పాట తీగలోకి చొరబడుతుంది. తీగ తీసేస్తే ఆ పీడ కూడా పోతుంది.

మొదట బ్లూటూత్ పెట్టాము. ఒకే గదిలో బాగానే పలికింది. మధ్యలో గోడలు వచ్చేసరికి ముక్కలు ముక్కలైంది. పళ్లేలతో పిల్లలు వరుసగా నిలబడితే అసలే రాదు. మన ఒంట్లో ఎక్కువ భాగం నీరే గదా, ఆ తరంగాలను అది పీల్చుకుంటుంది.

తర్వాత వైఫై అన్నాము. "నెట్ పెడితే పిల్లలు చదువుతారా? బిల్లు ఎవరు కడతారు?" అన్నారు వార్డెన్ సార్. ఇక్కడే చాలామంది పొరపడతారు. వైఫై వేరు, ఇంటర్నెట్ వేరు. వైఫై రౌటరు రెండు యంత్రాల మధ్య ఉత్తరాలు మోసే పోస్ట్‌మాన్ లాంటిది. ఊరి బయటికి దారి లేకపోయినా ఊళ్లో ఉత్తరాలు పంచగలడు. మా రౌటరుకు బయటి లైను అసలు ఇవ్వలేదు. బిల్లు లేదు.

గాలిలో వెళ్లేది పాట కాదు, అంకెలు. సీడీలో ఒక్కో చానల్‌కు సెకనుకు 44,100 కొలతలు, ఒక్కోటి 16 బిట్లు, చానళ్లు రెండు. గుణిస్తే సెకనుకు 14,11,200 బిట్లు. నాలుగు నిమిషాల పాట సుమారు 42 మెగాబైట్లు అవుతుంది. అదే 128 కిలోబిట్ల ఎంపీ3 అయితే నాలుగుకు లోపే. 1999లో వచ్చిన తొలి తరం వైఫై కూడా కాగితం మీద సెకనుకు 1 కోటి 10 లక్షల బిట్లు మోసేది. కనుక పాత రౌటరు చాలు. అవతలి పెట్టె కొన్ని సెకన్ల పాటను ముందే దాచుకుంటుంది కాబట్టి మధ్యలో చిన్న అంతరాయం వచ్చినా మనకు తెలియదు.

ఇక సామాను. కంప్యూటరులో లిరియన్ మ్యూజిక్ సర్వర్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ వేశాము. ఒకప్పటి స్క్వీజ్‌బాక్స్ యంత్రాల కోసం పుట్టిన ప్రోగ్రామే ఇది. ఆ యంత్రాల తయారీ ఆగిపోయినా ప్రోగ్రాము బతికే ఉంది. డైనింగ్ హాలులో అరచేతిలో పట్టే రాస్‌బెర్రీ పై కంప్యూటరు, అందులో పైకోర్‌ప్లేయర్. ఇది మొత్తం మెమరీలోకి ఎక్కి నడుస్తుంది, కనుక చెప్పాపెట్టకుండా కరెంటు పోయినా కార్డు పాడయ్యే భయం తక్కువ. మన హాస్టల్‌కు ఇంతకన్నా ఏం కావాలి! అంకెలను మళ్లీ శబ్దంగా మార్చడానికి చిన్న యూఎస్‌బీ సౌండ్ కార్డు తగిలించాము.

సౌండ్ కార్డు నుంచి తీగను ఆంప్లిఫయరు వెనుక 'ఆక్స్' అని ఉన్న రంధ్రాలకే ఇవ్వాలి. 'ఫోనో' అన్నది గ్రామఫోను ముల్లు నుంచి వచ్చే బలహీనమైన శబ్దం కోసం. అందులో పెడితే బొంగురు అరుపు వస్తుంది. మేము పెట్టాము, వంటమనిషి పరుగెత్తుకొచ్చాడు.

రౌటరును మొదట ఇనుప బీరువా వెనుక పెట్టి ఒక సాయంత్రమంతా తలలు పట్టుకున్నాము. ఇనుము తరంగాలను దాటనివ్వదు. బీరువా పైకి ఎక్కించగానే సరిపోయింది. ఇంకొక సంగతి, కంప్యూటరు నిద్రపోయే సెట్టింగు తీసేయండి. లేకపోతే అన్నం మధ్యలో పాట ఆగిపోతుంది.

ఇప్పుడు వరండా నేల ఖాళీ. స్టడీ అవర్ ముందు మేము ఫోనులో రికార్డు చేసి పంపిన ఇంగ్లీషు పాఠాలు, ఆదివారం పాటలు. పాఠాలకన్నా పాటలకే గిరాకీ ఎక్కువని విన్నాము.

కరెంటు వచ్చాక ముందు రౌటరు, తర్వాత కంప్యూటరు, తర్వాత చిన్న పెట్టె, చివర ఆంప్లిఫయరు వేయండి. ఆపేటప్పుడు ఆంప్లిఫయరును ముందు ఆపండి, లేకపోతే స్పీకర్లు 'ధబ్' మంటాయి. ఈ వరుస రాసిన కాగితం బీరువా తలుపు లోపల అంటించి ఉంది.