"గిది నాది గాదు బిడ్డా"

సమస్య:

మాది కమ్మింగ్. అట్లాంటా నుంచి జార్జియా 400 హైవే మీద ఉత్తరానికి వస్తే తెలుగువాళ్లు బాగా స్థిరపడిన ఊరు. మామయ్యది కరీంనగర్, ఇంటి వృత్తి వెండి ఫిలిగ్రీ, అంటే సన్నటి వెండి తీగల అల్లిక. గ్రీన్‌కార్డు మీద వచ్చాక ఊరికే కూర్చోలేక గ్యారేజీలో ఓ బల్ల వేసుకుని కమ్మచ్చు, పటకార్లు, ఊదుగొట్టం పరుచుకున్నారు. మా దుకాణం అలా మొదలైంది. లైసెన్సు నా పేరు మీద ఉంది. మా ఆయన ఆఫీసు అయ్యాక లెక్కలూ సరుకూ చూస్తారు. అత్తయ్య కుంకుడు రసంలో నగలు తోమి ఆరబెడతారు. మా పాప ఫోటోలు తీస్తుంది. నేను అమ్ముతాను.

మామయ్య ఒక జత జుంకాలకు రోజుకు ఆరు గంటల చొప్పున మూడు రోజులు కూర్చుంటారు. మేం దాన్ని 90 డాలర్లకు ఇస్తాం. వచ్చినవాళ్లు ముందు అడిగేది "గ్రాము ఎంత?" అనే. ఆపైన, "బాబాయ్" అని పిలిచిన ప్రతివాళ్లకీ మామయ్య ఏదో ఒకటి ఊరికే చేతిలో పెట్టేస్తారు. 2025 అక్టోబరులో వెండి ఔన్సు 50 డాలర్లు దాటినప్పుడు మా ఆయన బెంబేలెత్తిపోయారు. 800 డాలర్ల లోపు పార్సిళ్లకు సుంకం లేకుండా వచ్చే వెసులుబాటు అంతకుముందే, ఆగస్టు 29న పోయింది. కరీంనగర్ నుంచి చిన్నచిన్న సామాన్లు తెప్పించుకునే దారీ అలా మూసుకుపోయింది. దాంతో మా ఆయన ఇక్కడి హోల్‌సేల్ వ్యాపారి దగ్గర అచ్చుపోత ఫిలిగ్రీ కొని మామయ్య నగల ట్రేలోనే కలిపేశారు. "కరీంనగర్ ఫిలిగ్రీ, చేతిపని" అని కార్డులు రాసింది నేనే.

ఆ తర్వాత ఒక పండగ స్టాలులో ఒకామె లోలకులు తీసి, "పెదనాన్నా, ఇవి మీరు చేసినవేనా?" అంది. మామయ్య కళ్లద్దాలు పైకి తోసి, తిప్పి చూసి, "గిది నాది గాదు బిడ్డా, అచ్చుల పోసిన్రు" అన్నారు. వెనక వరసలో ఉన్నవాళ్లంతా విన్నారు. కారులో మా ఆయన, "సొంత దుకాణాన్ని నువ్వే ముంచినవ్ నాన్నా" అన్నారు. మామయ్య బదులివ్వలేదు. మర్నాడు సామాను డబ్బాలో సర్దేశారు. అప్పటి నుంచి బల్ల దగ్గరికి వెళ్లలేదు. పెళ్లివాళ్ల కుంకుమ భరిణెల ఆర్డర్లు ఆగిపోయి ఉన్నాయి. ఇద్దరూ నా మొహమే చూస్తున్నారు. నేను ఎవరి వైపు మాట్లాడాలి? మామయ్యను మళ్లీ పనిలో ఎలా కూర్చోబెట్టాలి?

- పేరు వద్దు, కమ్మింగ్

సలహా:

అమ్మా, దుకాణం మీది, కార్డు మీద రాత మీది. తండ్రీకొడుకుల మధ్య తీర్పరిలా నిలబడే వీలు మీకు లేదు. మొదట ఆ కార్డులు తీసేయండి, ఈ ఉత్తరం చదివిన రోజే.

మీరుండే దేశంలో ఫెడరల్ ట్రేడ్ కమిషన్ నగల వ్యాపారులకు మార్గదర్శకాలు ఇచ్చింది. ముడి సరుకు నుంచి రూపం తీయడం, మెరుగుపెట్టడం మొత్తం చేతితోనో, చేతి అదుపులో నడిచే పద్ధతితోనో జరిగితే తప్ప దాన్ని చేతిపని అనకూడదు. అచ్చులో పోసినది ఆ మాటకు దరిదాపుల్లోకి రాదు. కరీంనగర్ ఫిలిగ్రీకి 2007లో భారతదేశంలో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఎలగందులలో మొదలై కరీంనగర్‌కు చేరిన ఆ పనికి అప్పటికే తరాల పేరుంది. కటక్ ఫిలిగ్రీ అయిన తారకాసికి అదే గుర్తింపు 2024 దాకా రాలేదు. ఆ భౌగోళిక గుర్తింపు చట్టం జార్జియాలో చెల్లుతుందా లేదా అని వాదించుకోవచ్చు. కానీ కరీంనగర్ మనిషిని పక్కన కూర్చోబెట్టుకుని, ఆయన కళ్లముందే ఎవరి పోతకో ఆయన ఊరి పేరు తగిలించారు. స్టాలు దగ్గర ఆయన అన్న మాటకు నాకు ఆశ్చర్యమేమీ లేదు. అడిగిన మనిషికి నిజం చెప్పారు, అంతే.

ఇక మీ ఆయన భయం సంగతి. వెండి ధర పెరిగిందని ఆయన దిగులుపడ్డారు, కానీ లెక్క వేసినట్టు లేదు. వెండి ఔన్సంటే 31.1 గ్రాములు. మీ జుంకాలు 15 గ్రాములనుకుందాం, అంటే అర ఔన్సు కూడా లేవు. ఔన్సు 50 డాలర్లున్నప్పుడు ఆ జతలో ఉన్న వెండి విలువ 25 డాలర్ల లోపే. ఔన్సు వంద అయినా 50 దాటదు. ధర పెరిగితే గిలగిల్లాడాల్సింది బరువైన కంచాలూ పట్టీలూ అమ్మేవాళ్లు. ఫిలిగ్రీ ఉన్నదే తక్కువ వెండిలో ఎక్కువ పని పెట్టడానికి. అలాంటి నగను మీరు గ్రాముల లెక్కన బేరానికి పెట్టారు. 90లో వెండి 25 పోతే మిగిలింది 65. అది పద్దెనిమిది గంటల పని. గంటకు నాలుగు డాలర్లు కూడా పడలేదు. ఫెడరల్ కనీస వేతనమే గంటకు 7.25. ఇంతకాలం మీ దుకాణాన్ని నడిపింది మామయ్య తీసుకోని జీతం.

ఆయన ఊరికే ఇచ్చేస్తారన్నది మీ రెండో ఫిర్యాదు. ఆయన చేతికి నెలనెలా ఏమన్నా అందుతోందా? ఉత్తరంలో ఆ ఊసే లేదు. కొడుకింట్లో తిండికీ మందులకూ లోటుండదని తెలుసు. కానీ కరీంనగర్‌లో తన పనికి తాను ధర చెప్పిన మనిషి ఇక్కడ కోడలు చెప్పిన ధరకు చేస్తున్నాడు. "బాబాయ్" అన్నవాళ్లకు ఓ లాకెట్టు ఇచ్చినప్పుడు మాత్రమే ఆ నగ ఆయనది అవుతోంది. గంటల లెక్కన జీతం కట్టి, ఆయన పేరున బ్యాంకు ఖాతా తెరిచి అందులో వేయండి. పన్నుల సంగతి పన్ను నిపుణులను అడగండి. ఆ తర్వాత ఊరికే ఇచ్చుకుంటారా, ఆయనిష్టం.

కనీస వేతనం లెక్కన ఆ జీతం కలిపినా జుంకాల ధర 150 దాటుతుంది. కొనేవాళ్లు తగ్గుతారని మీ ఆయన అంటారు, అది కొంత నిజమే. అందుకే అచ్చుపోత వ్యాపారాన్ని మానేయమని నేననను. సత్యనారాయణ వ్రతాలకూ గృహప్రవేశాలకూ పంచిపెట్టుకునే కానుకలకు పోత చాలు. దానికి వేరే ట్రే, వేరే ధర, "అచ్చుపోత" అని స్పష్టమైన కార్డు ఉండాలి. చేతిపని ట్రే పక్కన ఒక భూతద్దం ఉంచండి. రెండు సన్నతీగలు మెలిపెట్టి చదును చేస్తే అంచున పంటిగాట్లలా కనిపించే గీతలు, పోతలో మొద్దుబారి కలిసిపోయి ఉంటాయి. ఒక్కసారి చూపిస్తే మళ్లీ గ్రాము ధర అడగరు. అడిగేవాళ్లు అడుగుతారనుకోండి, వాళ్లకు పోత ట్రే ఉంది.

మామయ్య వయసుకు కమ్మచ్చులో తీగ లాగడం భుజాలకు భారం. నేను చెప్పిన మార్గదర్శకాల ప్రకారం తీగ ముడి సరుకే. సన్నటి తీగ బయట కొనిచ్చినా, మెలిపెట్టడం, చుట్టలు తిప్పడం, చట్రంలో కూర్చడం, వెలిగారం వేసి టంకం పెట్టడం ఆయన చేతిలోనే ఉంటాయి. కళ్లద్దాలు పైకి తోసి చూశారంటున్నారు, కంటి డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి. గ్యారేజీలో మంట పెడుతున్న సంగతి ఇంటి ఇన్సూరెన్సు వాళ్లకు చెప్పారో లేదో కూడా చూసుకోండి.

ఇంకొకటి. 1906 నాటి స్టాంపింగ్ చట్టం కింద, నగ మీద 925 అని నాణ్యత ముద్ర కొడితే పక్కన దానికి పూచీపడేవాళ్ల పేరో ట్రేడ్‌మార్కో ఉండాలి. మీకు ట్రేడ్‌మార్కు లేకపోతే ఇప్పుడే దరఖాస్తు పెట్టుకోండి. ఆ గుర్తు ఎలా ఉండాలో మామయ్యనే గీయమనండి. పోత సరుకు మీద మాత్రం ఆ గుర్తు పడకూడదు.

ఆయన్ను బల్ల దగ్గరికి పిలవాల్సింది మీరు కాదు, కొడుకు. "తప్పయింది" అనమని బలవంతపెట్టకండి. తండ్రికి చెప్పడం కష్టం, విని తండ్రి ఏమనాలో అదీ కష్టమే. కలిసిపోయిన ట్రే తెచ్చి ఆయన ముందు పెట్టి, "నాన్నా, ఇండ్ల నీయేవో జర ఏరియ్యవా?" అని అడగమనండి. ఆయన ఏరుతుంటే పక్కనే కూర్చోమనండి. చేతిపనే అనుకుని కొన్నవాళ్లలో ఎవరి ఫోన్ నంబర్లు ఉన్నాయో ఆ జాబితా కూడా అదే పూట మీ ఆయన రాయాలి. నగ వెనక్కి తెస్తే డబ్బు ఇస్తామనో, మామయ్య చేసినది మార్చి ఇస్తామనో వాళ్లకు మీరు ఫోన్ చేయండి. కొందరు చిన్నబుచ్చుతారు. పడండి.

కుంకుమ భరిణెల ఆర్డర్లకు తేదీ చెప్పే ముందు మామయ్యను అడగండి. ముహూర్తానికి అందవని ఆయనంటే పెళ్లివాళ్లకు ఇప్పుడే చెప్పి అడ్వాన్సు తిప్పి ఇచ్చేయండి.