ఇంటర్వ్యూకు వెళ్ళే బిడ్డలు – వస్త్రధారణ



ఆదికాండము 41వ అధ్యాయములో ఫరో యోసేపును చెరసాల నుండి పిలిపించిన సంగతి మనకు బాగా తెలిసినదే. కలల భావము చెప్పిన భాగము మీద ఎన్నో ప్రసంగాలు విన్నాము గాని, దానికి ముందున్న 14వ వచనము దగ్గర ఎక్కువసేపు ఆగము. రాజు కబురు వచ్చింది, వచ్చినవారు తొందర పెడుతున్నారు. అయినా యోసేపు గడ్డము తీయించుకొని, బట్టలు మార్చుకొని వెళ్ళాడు. ఐగుప్తు రాజసభలో నున్నగా గీయించుకోవడమే మర్యాద. గడ్డము పెంచడము అతని జనుల అలవాటు. తాను వెళ్తున్న చోటి మర్యాదను పాటించాడు, లోపలికి వెళ్ళాక తన దేవుని పేరు మాత్రము దాచలేదు.

"బట్టలు చూసి మనిషిని ఎంచవద్దని యాకోబు పత్రిక 2వ అధ్యాయములో ఉంది గదా, మరి ఈ అలంకారమెందుకు?" అని అడిగే పెద్దలు మన సంఘాలలో ఉన్నారు. మంచి ప్రశ్నే. అయితే ఆ బోధ కుర్చీలో కూర్చొని ఎదుటివారిని ఎంచేవారికి. వారి ఎదుట నిలబడే మన బిడ్డకు వారి మనస్సు మార్చే అధికారము లేదు. వారి చూపు చొక్కా మీద ఆగిపోకుండా, తాను చెప్పే జవాబు మీదికి పోయేలా చూసుకోవడమే అతని చేతిలో ఉన్న పని. ఉపాధ్యాయ శిక్షణలో మాకు ఇదే నేర్పారు. చొక్కా గుండీ ఊడి ఉంటే ఆ పీరియడంతా పిల్లలు గుండీనే చూస్తారు, నల్లబల్లను చూడరు.

ఇప్పుడు ఇంటర్వ్యూలు ఎక్కడ జరుగుతున్నవో కూడా తెలిసి ఉండాలి. కేంద్ర ప్రభుత్వములో గ్రూప్ సి ఉద్యోగాలకు, గెజిటెడ్ కాని గ్రూప్ బి ఉద్యోగాలకు 2016 జనవరి 1 నుండి ఇంటర్వ్యూలు తీసివేశారు. మన తండ్రులు చేరిన రైల్వే కొలువుల వంటివి ఇప్పుడు ముఖ్యముగా వ్రాతపరీక్ష మీదనే తేలుతాయి. ఇంటర్వ్యూ మిగిలినది ఎక్కువగా ప్రైవేటు కంపెనీలలో, ఆసుపత్రులలో, పాఠశాలలలో, బ్యాంకు ఆఫీసరు పోస్టులలో. మన పిల్లలు ఎక్కువమంది పోయేది అక్కడికే.

ప్రయాణము దగ్గర మొదలుపెడతాను, ఎందుకంటే బట్టలు పాడయ్యేది అక్కడే. కోలారు బంగారు గనులు 2001లో మూతపడిన తరువాత అక్కడి కుటుంబాల పిల్లలు పని కొరకు బెంగళూరు వైపు చూడవలసి వచ్చింది. మారికుప్పంలో తెల్లవారి రైలెక్కి, బంగారుపేట, మాలూరు, కృష్ణరాజపురం మీదుగా కంటోన్మెంటులో దిగాలి. ఆ రద్దీలో నిలబడి వెళ్ళిన చొక్కా ఎవరి ముందు కూర్చోవడానికీ పనికిరాదు. ముంబయి, చెన్నై లోకల్ రైళ్ళు ఎక్కేవారిదీ ఇదే కథ. కాబట్టి పాత చొక్కాతో ప్రయాణము చేయండి. ఇస్త్రీ చొక్కాను తెల్ల గుడ్డలో చుట్టి సంచిలో అన్నిటికంటే పైన పెట్టండి. వార్తాపత్రికలో చుట్టవద్దు, చెమట తగిలితే సిరా అంటుకుంటుంది. గంట ముందు చేరి, ముఖము కడుక్కొని, మార్చుకొని వెళ్ళండి.

మగపిల్లలకు లేత రంగు ఫుల్‌హ్యాండ్స్ చొక్కా, ముదురు రంగు ప్యాంటు చాలు. భుజము కుట్టు భుజము మీదనే ఉండాలి, మోచేతి వైపు జారకూడదు. కొత్త చొక్కా అయితే ఒకసారి ఉతికి వేసుకోండి. కొత్త బూట్లు నాలుగు రోజులు ఇంట్లో తొడిగి తిరగండి, లేకపోతే కరిచి కుంటిస్తాయి. క్షౌరము ముందురోజు కాక మూడు నాలుగు రోజుల ముందు చేయించుకుంటే జుట్టు సర్దుకుంటుంది. తలకు నూనె కారేటంత వద్దు. చిన్న గదిలో ఘాటైన సెంటు తలనొప్పి తెస్తుంది. గుట్కా, పాన్ పరాగ్ సంగతి నేను చెప్పనక్కరలేదు, పళ్ళే చెప్తాయి.

ఆడపిల్లలు నేత చీరగాని చుడీదార్ గాని ఏది అలవాటైతే అదే వేసుకోండి. ఇంటర్వ్యూ రోజున మొదటిసారి చీర కట్టి చూడవద్దు. చున్నీకి, పైటకు పిన్నీసు పెట్టుకుంటే చేతులు దాన్ని సర్దడములో పడవు. గలగలలాడే గాజులు ఆ పూటకు ఇంట్లో ఉంచండి. నర్సు ఉద్యోగానికి పోయేవారు గోళ్ళు పొట్టిగా కత్తిరించుకొని, రంగు తీసివేసి, ఉంగరాలు లేకుండా, జుట్టు ముడి వేసుకొని వెళ్ళాలి. ఉంగరము క్రింద, పెరిగిన గోళ్ళలో క్రిములు నిలుస్తాయని ఆసుపత్రివారికి తెలుసు. మిమ్మల్ని చూడగానే ఈ అమ్మాయికి పని తెలుసు అనుకుంటారు. ఐ.టి.ఐ. చదివిన అబ్బాయిలను అప్పటికప్పుడు మిషను దగ్గర నిలబెట్టవచ్చు. వదులు చేతులు, మెడలో గొలుసు, కాలికి చెప్పులు అక్కడ ప్రమాదము కూడా.

ఇక కోటు సంగతి. వడ్డీకి అప్పు తెచ్చి కోటు కుట్టించిన తల్లిదండ్రులున్నారు. కోటు లేదని ఇంటర్వ్యూకే వెళ్ళని పిల్లలూ ఉన్నారు. రెండూ అవసరము లేనివే. తొలి ఉద్యోగానికి పిలిచే చోట్ల చాలావాటిలో కోటు ఎవరూ అడగరు. ఎరువు తెచ్చిన కోటులో చేతులు దాగిపోయి కూర్చున్న అబ్బాయికంటే, ఉతికి ఇస్త్రీ చేసిన సొంత చొక్కా వేసుకున్నవాడు నెమ్మదిగా మాట్లాడగలడు.

అది కూడా లేని ఇళ్ళు మన సంఘాలలో ఉన్నవి. పెళ్ళిళ్ళకు కుట్టించి రెండుసార్లయినా తొడగని చొక్కాలు మన బీరువాలలో ఉన్నవి. ఇవ్వదలచినవారు ఆరాధన తరువాత అందరి ఎదుట ఇవ్వవద్దు. ఆ బిడ్డ తల్లి చేతికి, ఇంటికి వెళ్ళి ఇవ్వండి.

రిటైరైన పెద్దలకు నాదొక మనవి. పిలుపు వచ్చిన బిడ్డను ఆ బట్టలతోనే ఒక సాయంత్రము మీ ఎదుట కూర్చోబెట్టి నాలుగు ప్రశ్నలు అడగండి. నిలబడినప్పుడు బాగున్న చొక్కా కూర్చుంటే గుండీల దగ్గర విచ్చుకుంటుంది, ప్యాంటు పైకి పోయి మేజోళ్ళ చిరుగు కనబడుతుంది. సోమవారము ఇంటర్వ్యూ అయితే శుక్రవారమే ఈ పని కానివ్వండి, ఆదివారము దర్జీ దుకాణము తెరవడు.