నీరుల్లి – నిప్పు – నిదానము

ఉల్లి చేసిన మేలు తల్లియైనను చేయదని మన పెద్దలు చెప్పుదురు. ఈ సామెత నెఱుగనివారు మన గోదావరి సీమలో నుండరు. అయినను ఆ మేలును పొందు విధము నెఱిగినవారు కొందఱే. ఒకే నీరుల్లి పచ్చిగా నున్నప్పుడు కన్నీరు తెప్పించును. నిప్పులలో కాల్చినప్పుడు తియ్యనగును. మూకుడులో నిదానముగా వేచినప్పుడు ఎఱ్ఱనై కమ్మని వాసన నిచ్చును. తొందరపడి మాడ్చినప్పుడు చేదగును. ఈ నాలుగు మాఱ్పులకు కారణమేమో విచారించుటయే యీ వ్యాసముయొక్క యుద్దేశము. వంట ఆడువారి పని యని తలచి బాలురు ఈ పుటను త్రిప్పివేయకుందురు గాక. మనము తరగతిలో చదువుకొను భౌతిక రసాయన శాస్త్రములు వంటయింటిలో ప్రతిదినమును జరుగుచునే యున్నవి.

నీరుల్లి మనకు వచ్చు త్రోవ

ధవళేశ్వరమువద్ద 1852లో ఆనకట్ట పూర్తియైన పిమ్మట మన డెల్టా భూములు వరిపంటకు పేరుగాంచినవి. నీరు నిలుచు వరిచేలు నీరుల్లికి తగినవి కావు. అందుచేత మనము తిను నీరుల్లిలో చాలభాగము కర్నూలు ప్రాంతమునుండియు, మహారాష్ట్రమునుండియు తాడేపల్లిగూడెపు టోకు బజారునకు లారీలలో వచ్చి, అక్కడినుండి ఊరూరికి పోవును. ఐగుప్తును విడిచిన ఇశ్రాయేలీయులు అరణ్యములో ఉల్లిపాయలను తలచుకొని విలపించినట్లు సంఖ్యాకాండము 11వ అధ్యాయమున కలదు. ధర పెరిగిన దినములలో మన కూలివారి యిండ్లలోను అట్టి విచారమే కలుగును. కావున నీరుల్లిని పాడుచేయక వండుట నేర్చుకొనుట చిన్న విషయము కాదు.

కన్నీటికి కారణము

నీరుల్లి కణములలో గంధకముతో కూడిన పదార్థములు ఒక అరలోను, వానిని విడగొట్టు ఎంజైములు వేఱొక అరలోను ఉండును. కత్తిపీటపై కోయగానే అరలు తెగి రెండును కలియును. అప్పుడు పుట్టిన ఆవిరి కంటికి తగిలి నీరు తెప్పించును. ఈ పనిలో ఒకటి కాక రెండు ఎంజైములు పాల్గొనునని జపాను దేశపు శాస్త్రజ్ఞులు 2002లో కనుగొనిరి.

ఎంజైములు వేడికి చెడిపోవును. నీరుల్లిని కోయక, పొట్టుతోనే నిప్పులలో పెట్టినయెడల అరలు తెగకమునుపే అవి తమ శక్తిని పోగొట్టుకొనును. అందుచేత ఘాటు పుట్టదు. లోపలనున్న తీపి తెలియవచ్చును. నీరుల్లిలో నూటికి నాలుగైదు పాళ్ళు చక్కెర కలదు. పచ్చిగా నున్నప్పుడు ఘాటు దానిని కప్పివేయును. అంతే గాని నిప్పు క్రొత్తగా తీపిని తెచ్చి పోయుట లేదు.

తొందర యేల పనికిరాదు?

నీరుల్లిలో నూటికి సుమారు 89 పాళ్ళు నీరే. పేరులోనే ఆ సంగతి యున్నది గదా! ముక్కలలో నీరు నిండుగా నున్నంతవరకు వాని వేడి 100 డిగ్రీల సెంటిగ్రేడును మించదు. ఎఱ్ఱబడుట యనునది అంతకు పైని వేడిలో, సుమారు 140 డిగ్రీలవద్ద, చుఱుకుగా సాగును. కావున మొదట నీరు పోవలయును. పిమ్మటనే రంగు రావలయును.

ఇచ్చట నొక లెక్క చేయుదము. ఒక గ్రాము నీటిని 30 డిగ్రీలనుండి 100 డిగ్రీలకు తెచ్చుటకు 70 కెలోరీలు చాలును. ఆ గ్రామునే ఆవిరిగా మార్చుటకు 540 కెలోరీలు కావలయును. అనగా దాదాపు ఎనిమిది రెట్లు. కిలో నీరుల్లినుండి 700 గ్రాముల నీరు పోవుటకు 3,78,000 కెలోరీలు వ్యయమగును. ఇంత వేడి ముక్కలన్నిటికిని సమముగా అందుటకు కాలము పట్టును. మంట నొక్కసారి పెంచినచో అడుగు ముక్కలు మాడును. పైవి పచ్చిగానే నిలిచిపోవును.

ఎఱ్ఱబడుట యెట్లు జరుగునో 1912లో లూయీ కమీ మయార్డు అను ఫ్రెంచి రసాయన శాస్త్రజ్ఞుడు వివరింప మొదలిడెను. చక్కెరలును, మాంసకృత్తులకు మూలములైన ఎమినో ఆమ్లములును వేడిలో కలిసి గోధుమవన్నె పదార్థములుగా మాఱును. కాల్చిన రొట్టె పైపొరకును, వేచిన కాఫీ గింజకును, పెసరట్టు అంచునకును ఆ వన్నెయు వాసనయు ముఖ్యముగా నిట్లు కలిగినవే. ఇంకను ఎక్కువ వేడిలో చక్కెర తానే కరగి, ఎఱ్ఱనై, కారమెల్ అగును. ఆ హద్దును దాటినచో మిగులునది బొగ్గు, రుచి చేదు.

మా యమ్మ నేర్పిన పాఠము

నా చిన్నతనమున మా యింట కట్టెల పొయ్యి యుండెడిది. నూనె కొలిచి వాడుకొను సంసారము మాది. అన్నము వార్చిన పిమ్మట మా యమ్మ మూడు నీరుల్లిపాయలను నివురులో కప్పి, అవి మెత్తబడిన వెనుక నల్లని పొట్టు తీసి, ఎండుమిరపకాయలు, చింతపండు, ఉప్పు చేర్చి రోటిలో నూరెడిది. ఆ పచ్చడియే అన్నముతో నా క్యారియరులో పెట్టెడిది. తోడి బాలురు వేపుళ్ళు తెచ్చుకొనుచుండగా, నల్లని పొడలుగల ఆ పచ్చడిని నేను మూతచాటున దాచి తినుచుంటిని. ఒకనాడు “అమ్మా, ఈ బూడిదకూడు నాకు పెట్టవద్దు” అంటిని. ఆమె కోపగింపలేదు. “సరే నాయనా” అని మఱునాటినుండి నాకు వేపుడు చేసి పెట్టెను. ఆ నూనె తన కూరలో తగ్గించి నాకొఱకు మిగిల్చినదని నేను చాలకాలమునకు గాని యెఱుగలేదు.

ఉపాధ్యాయ శిక్షణ కళాశాలలో ఉన్న దినములలో ఎంజైముల సంగతియు, వేడికి అవి చెడుటయు చదివితిని. మా యమ్మ బీదతనమువలన చేసిన పని శాస్త్రమునకు సరిపోయినదని అప్పుడు తెలిసెను. సెలవులలో ఇంటికి పోయి ఆ మాట ఆమెతో చెప్పితిని. ఆమె నవ్వి, “పుస్తకములో వ్రాసినారా? అయితే ఇప్పుడు తినెదవా?” అని యడిగెను. తింటిని. సిగ్గుపడవలసినది పచ్చడి కాదు, నేనే.

ఇతర దేశములందును ఇట్లే చేయుదురు. వియత్నామువారు తమ ఫో అను చారునకు నీరుల్లిని అల్లముతోగూడ నిప్పుపై నల్లగా కాల్చి వేయుదురు. మన హైదరాబాదులో బిర్యానీకి నీరుల్లి చీలికలను ఎఱ్ఱగా వేచి బిరిస్తా యందురు.

ఇంట చేయు విధములు

కాల్చిన నీరుల్లి: మధ్యరకపు పాయలు నాలుగు పొట్టుతోనే తీసికొనవలయును. కుంపటి యున్నచో మంట తగ్గిన నిప్పులలోను, గ్యాసు పొయ్యి యైనచో ఇనుప వలపైని సన్నని మంటమీదను పెట్టి, పట్టకారుతో త్రిప్పుచు 20 మొదలు 25 నిమిషములు కాల్చవలయును. నొక్కినప్పుడు మెత్తగా నుండుటయే గుఱుతు. చల్లారిన పిమ్మట బొగ్గైన పొరలను తీసివేయవలయును, అవి చేదు. లోపలి భాగమును పచ్చడికైనను, పప్పులోనికైనను వాడవచ్చును.

ఎఱ్ఱగా వేచిన నీరుల్లి: కిలో నీరుల్లిని సమమైన మందమున తఱిగి, అడుగు మందముగల మూకుడులో నాలుగు చెంచాల నూనె కాచి వేయవలయును. కొంచెము ఉప్పు చల్లినచో నీరు త్వరగా ఊరును. మొదటి పది నిమిషములు మధ్యరకపు మంట, తరువాత సన్నని మంట. అడుగున ఎఱ్ఱని పొర అంటుకొన్నప్పుడు రెండు చెంచాల నీరు చిలికి అట్లకాడతో గీకి కలుపవలయును. రుచి యంతయు ఆ పొరలోనే యున్నది. సుమారు ముప్పాతిక గంట మొదలు గంటలో కిలో కాస్త దాదాపు పావుకిలో యగును. చిటికెడు వంటసోడా వేసిన త్వరగా ఎఱ్ఱబడును గాని ముక్కలు చితికి ముద్దయగును. ఈ నీరుల్లిని వంకాయ ఉల్లికారమునకు, పులుసులకు, మాంసపు కూరలకు వాడవచ్చును. చల్లార్చి ఫ్రిజ్జిలో మూడు దినములు నిలువ యుంచవచ్చును.

విద్యార్థులు చేయదగిన ప్రయోగము

ఒకే పరిమాణముగల రెండు నీరుల్లిపాయలను తీసికొనుడు. ఒకదానిని కోసి పది నిమిషములుంచి ఉడికింపుడు. రెండవదానిని కోయక కాల్చుడు. రెంటిని రుచి చూచి భేదమును వ్రాయుడు. కాల్చుటకు ముందును తరువాతను తూచి, పోయిన నీరెంతయో లెక్కకట్టుడు. నిప్పువద్ద పనిచేయునప్పుడు పెద్దలు దగ్గఱ నుండవలయును.

ఈ ప్రయోగము ముగిసిన వెనుక ఇంకొక పని చేయుడు. మీ యింట వంట చేయువారి దగ్గఱ కూర్చుండి, ఈ పని యేల ఇట్లు చేయుదురో అడుగుడు. పుస్తకములో లేని సమాధానములు వారివద్ద దొరకును.